భద్రంగా ఉన్న స్టెబిలైజరు

మా పెదనాన్న అంటే నాకు ఈరోజుకీ ఒళ్లుమంట. ఆయన పోయి చాలాకాలమైంది. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. తిట్టడం లేదు, జరిగింది రాస్తున్నాను.

నేను పదో తరగతి చదివేటప్పుడు, నరసాపురం దగ్గర మా ఊళ్లో కరెంటుకు కుదురుండేది కాదు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. వాటి మోటార్లన్నీ నడిస్తే మా వంటింటి బల్బు గుడ్డిగా వెలిగేది. అవన్నీ ఒక్కసారిగా ఆగితే భగ్గుమని వెలిగి మాడిపోయేది. అందుకే అమ్మ ఫ్రిజ్‌కి స్టెబిలైజరు కొంది. ఆ ఫ్రిజ్‌లో పాలైసులు గడ్డకట్టించి బడిపిల్లలకు అమ్మేది. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా ఆవిడ చేతిలో ఆడే డబ్బు అదొక్కటే. దసరాకి ఫ్రిజ్‌తో పాటు స్టెబిలైజరుకీ బొట్టు పెట్టేది.

ఒక ఆదివారం పొద్దున్నే పక్కింట్లోంచి పెదనాన్న వచ్చాడు. ఆయన టీవీకున్న స్టెబిలైజరు కాలిపోయిందట. మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్ ఉంది.

"మీది ఓ పూట ఇవ్వమ్మా. సాయంత్రం తెచ్చేస్తాను."

"ఫ్రిజ్‌కుందండి, బావగారూ..." అమ్మ నసిగింది.

"కరెంటు బాగానే ఉందిగా. డైరెక్టుగా పెట్టేసుకో, ఏం కాదు."

ఏం కాకపోతే ఆయన టీవీనే డైరెక్టుగా పెట్టుకోవచ్చుగా! ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అమ్మ కళ్లతోనే ఆపేసింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లకో సామెత ఉంది, ఇక్కడ రాయలేను. ఐసులు కరిగిపోతాయని అమ్మ ఫ్రిజ్ ప్లగ్గు నేరుగా గోడకే పెట్టింది.

మూడింటికి చెరువుల మీద మోటార్లు ఆగాయి. వంటింటి బల్బు తెల్లగా మండింది. ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది, వెనకనుంచి కాలిన వాసన. మెకానిక్ వచ్చి చూసి కంప్రెసర్ పోయిందన్నాడు. కరిగిన పాలను బకెట్లోకి వంచుతూ అమ్మ ఏడ్చింది.

సాయంత్రం పెదనాన్న వచ్చాడు. మనవాళ్లు గెలిచారట, మొహం వెలిగిపోతోంది. జరిగిందంతా విని, స్టెబిలైజరు అరుగు మీద పెట్టాడు.

"పాతదేగా ఆ ఫ్రిజ్. ఇదిగో, మీ స్టెబిలైజరు మాత్రం భద్రంగా ఉంది. చూసుకోమ్మా."

"పర్లేదండి, బావగారూ. కాఫీ తాగి వెళ్లండి," అంది అమ్మ, వాచిన కళ్లతోనే.

కాఫీ నేను కలిపాను. పంచదారకు బదులు రెండు చెంచాల ఉప్పు వేశాను. మొదటి గుక్కకే ఆయన ఆగిపోయాడు. ఎదురుగా అమ్మ నిలబడి ఉంది.

"బాగుందాండీ?" అని అడిగింది, ఏమీ తెలియక.

"బాగుందమ్మా," అని గ్లాసు మొత్తం తాగాడు.

మా ఇంట్లో ఆయన మొహమాటపడింది ఆ ఒక్కసారే.