ఫ్రిజ్ తలుపు మీద ఖాళీ జాగా

మొన్న చలికాలంలో పోయిన నెరెయిదా ఒకాసియో, బ్రాంక్స్‌లో ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. నెత్తురు మరక ఏదో, అయోడిన్ మరక ఏదో, కాఫీ ఒలకబోసుకుని నెత్తురని నమ్మించబోయిన రోగి మరక ఏదో దూరం నుంచే చెప్పేది. మరక ఆమెకు జన్మశత్రువు. అలాంటి మనిషికి దేవుడు తమ్ముడిగా ఎవరిని ఇచ్చాడయ్యా అంటే, ఆన్సెల్మోని ఇచ్చాడు. దేవుడికి పనీపాటా తక్కువ.

ఆన్సెల్మో రచయిత. అంటే, ఆ కుర్రాళ్ళంతా తమను తాము అలాగే పిలుచుకునేవారు. రాసేది ఒక్క మాట, అదీ సొంత పేరు. ఆ మాటకొస్తే పుస్తకాలు అచ్చేసుకునే రచయితల్లో చాలామంది చేసేదీ అదే. వీళ్ళు కనీసం మూడు వందల పేజీలు తినలేదు. పేరు, పక్కన తాముండే వీధి నంబరు: సెల్మో 156. మొదట తపాలా పెట్టెల మీద, తర్వాత బడి గోడల మీద, చివరికి రైలు పెట్టెల మీద. బ్రాంక్స్‌లో ఎక్కిన పేరు టికెట్టు కొనకుండా బ్రూక్లిన్ దాకా వెళ్ళి తిరిగొచ్చేది. ఈ విద్య మొదలెట్టింది ఎవరని అడిగితే ఫిలడెల్ఫియా వాళ్ళు మేమంటారు, మాన్‌హటన్ ఎగువ వీధుల వాళ్ళు మేమంటారు. బ్రాంక్స్‌లో మాత్రం వీధికి నలుగురు చొప్పున మొట్టమొదటివాళ్ళు ఉండేవారు.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది నెరెయిదాయే. తమ్ముణ్ణి పెంచితే తమ్ముడి స్నేహితులనూ మేపాలి. ఆదివారం మధ్యాహ్నానికి వేళ్ళనిండా సిరా పూసుకుని దిగేవారు. అన్నం, చిక్కుడు గింజల కూర, పచ్చి అరటికాయ వేపుడు, గిన్నె అడుగు మాడు కూడా వదలకుండా తిని, వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద పేరు రాసి పోయేవారు. వాళ్ళ మర్యాద అది. నెరెయిదాకి ఒళ్ళు మండేది. కానీ అతిథి మరకను అతని ముందు తుడిస్తే అవమానం, వెనక తుడిస్తే ద్రోహం అని తల్లి నేర్పింది. అందుకని వాళ్ళ పేర్లు ఉండనిచ్చింది.

తమ్ముడు అతిథి కాడు. వాడూ రాసేవాడు, పిడికి కాస్త పైన, అరచేయంత జాగాలో.

"ఒరేయ్, ఇది ఫ్రిజ్‌రా, రైలు కాదు!"

"రెండూ ఒకలాగే గుర్రుమంటాయి కదక్కా."

"నీ పేరేమిటో నాకు తెలీదా? పురిటి గదిలో పెట్టిందే నేను. మళ్ళీ రాసి చూపించాలా?"

"మర్చిపోతావేమోనని," అని వెనకనుంచి నవ్వేవాడు.

ఆదివారం వాడు రాయడం, సోమవారం ఈవిడ స్టీలు పీచుతో తోమడం. ఒకడి పేరు మీద ఇంకొకడు రాయకూడదన్నది వాళ్ళలో చట్టం. ఊళ్ళో ఏ చట్టాన్నీ లెక్కచెయ్యని వాళ్ళు దీన్ని మాత్రం ప్రాణం పోయినా తప్పరు. అందుకని ఆన్సెల్మో పక్కవాళ్ళ పేర్ల జోలికి పోకుండా, అక్క తోమిన చోటే మళ్ళీ రాసేవాడు. ఆరేళ్ళు ఇదే తంతు. చివరికి అక్కడ తెల్ల రంగు పోయి రేకు బయటపడింది.

ఇరవై రెండేళ్ళకే ఆన్సెల్మో ఉబ్బసంతో పోయాడు. రైలు కింద పడి ఉంటే పత్రికల్లో వచ్చేవాడు. బ్రాంక్స్‌లో ఉబ్బసం వార్త కాదు.

ఆ తర్వాత నెరెయిదా తమ్ముడి చేతిరాత కోసం వెతకడం మొదలుపెట్టింది. రైళ్ళను నగరంవారు ఆమ్లం పోసి కడిగేశారు. గోడలకు సున్నం కొట్టారు. వాడు పేరు గీసి గీసి సాధన చేసుకున్న పుస్తకాన్ని ఎవడో చూసిస్తానని పట్టుకుపోయాడు; ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఉన్నదా, ఆమె చేతులారా తోమేసింది. నగరం వల్ల కానంత శుభ్రంగా.

మూడేళ్ళు తిరిగేసరికి నేరం కాస్తా కళ అయి కూర్చుంది. గోడ మీద ఉంటే జరిమానా, గుడ్డ మీద ఉంటే సన్మానం. ఆన్సెల్మో జతగాడు మీనో, అంతకుముందు పోలీసుల్ని చూస్తే కంచె దూకేవాడు, ఇప్పుడు కొత్త కోటు తొడుక్కుని చిత్రప్రదర్శనల్లో గాజు గ్లాసు పట్టుకుని నిలబడుతున్నాడు. ఒకరోజు వాడే వెన్నింగ్ అనే చిత్రాల వ్యాపారిని నెరెయిదా ఇంటికి తీసుకొచ్చాడు. వెన్నింగ్ ఫ్రిజ్ ముందు టోపీ తీశాడు.

"అద్భుతం మేడమ్! పదకొండు సంతకాలు! ఈ తలుపు మ్యూజియంలో ఉండాలి."

"రబ్బరు వదులైంది బాబూ. మ్యూజియంలో పాలు విరిగిపోతాయి."

వెన్నింగ్ నవ్వి, తలుపుకి ధర చెప్పాడు. నెరెయిదా ధర వినిపించుకోలేదు.

"గోడకి తగిలిస్తే కింద చీటీ పెడతారటగా? అందులో మా ఆన్సెల్మో పేరు వేస్తారా?"

"తప్పకుండా. ఏదీ, ఎక్కడుంది?"

"ఇక్కడుండేది. తోమేశాను."

"తోమేశారా?"

"సోమవారం సోమవారం."

"క్షమించండి మేడమ్. తలుపు మీదున్న పేర్లే చీటీలో వేస్తాం. కనిపించనిది ఎవరూ కొనరు."

"మరి ఈ పదకొండుమందీ ఎవరింటికొచ్చారనుకున్నావు? ఫ్రిజ్‌ని పరామర్శించి పోదామని వచ్చారా?"

వెన్నింగ్ మీనో వైపు తిరిగాడు. "నువ్వు అతని స్నేహితుడివే కదా. ఆ రాత నీకు తెలుసు. రాసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

మీనో మార్కర్ మూత తీశాడు. చెయ్యి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నా వల్ల కాదక్కా. పోయినవాడి పేరు గోడ మీద రాస్తాం, పైన కిరీటం పెట్టి, తారీఖు వేసి. కానీ నా రాతలో రాస్తాను. వాడి రాతలో రాస్తే దొంగతనం. నన్ను వీధిలో మనిషిగా చూడరు."

"ఇలా తే," అంది నెరెయిదా.

జన్మలో మార్కర్ పట్టని మనిషి. కానీ ఆరేళ్ళు వాడి గీత వెంట ఆమె పీచు నడిచింది. ఎక్కడ నొక్కుతాడో, ఎక్కడ గాలికి వదిలేస్తాడో, ఆరు అంకె తోకను ఎటు ఈడుస్తాడో ఆమె మణికట్టుకి తెలుసు. ఒక్క ఊపిరిలో రాసేసింది: సెల్మో 156.

మీనో తలుపు దగ్గరికి వంగి చూశాడు. "అక్కా... ఇది వాడే."

"అచ్చంగా అసలుదే!" అన్నాడు వెన్నింగ్. ఇలాంటి వాక్యాలు అమ్ముకునే బతుకు అతనిది. "చీటీలో మొదటి పేరు మీ తమ్ముడిదే!"

నెరెయిదా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కాఫీ పొంగేంతసేపు చూసింది. మూడేళ్ళుగా వెతికిన పేరు, ఎక్కడా వంక లేదు. వెనకనుంచి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంది.

ఆమె సింకు కిందికి వంగి స్టీలు పీచు తీసింది.

"మేడమ్! ఆగండి! అది కళ!"

"కళో కాకరకాయో! నా ఫ్రిజ్ మీద రాయొద్దని వాడికి వెయ్యిసార్లు చెప్పాను." తోముతూనే ఉంది. ఆ రోజు సోమవారం కూడా కాదు. "తలుపు అమ్మను బాబూ. కూచోండి, అన్నం తిని వెళ్దురు గాని."

వెన్నింగ్ తిన్నాడు. మాడు కూడా అడిగి మరీ తిన్నాడు. వెళ్ళబోతూ ఇంటి మర్యాద తనకూ తెలుసునన్నట్టు జేబులోంచి బంగారు మూత కలం తీసి, తలుపు మీద జాగా కోసం వెతికాడు. పిడి పైన ఒక్కచోటే ఖాళీగా, మెరుస్తూ కనిపించింది.

"అక్కడొద్దు సార్," అని మీనో అతని చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడ పేరుంది."