జనరల్ దొర ఏడు సంతకాలు

పోయిన వారం మా దీవి రాజధాని పోర్ట్ లూయీ నుంచి ఒక పెద్దమనిషి బాన్ అక్యూయ్‌లోని మా ఇంటికి వచ్చాడు. సైన్యంలో జనరళ్లు సంతకం చేసిన ఉత్తరాలు, పత్రాలు పోగుచెయ్యడం ఆయనకు పిచ్చి. నా దగ్గర ఏడున్నాయని ఎవరో చెప్పారట. రేకుపెట్టె తెచ్చి ముందు పెట్టాను. ఆరింటిని చూసి పక్కన పెట్టి, ఏడోదాన్ని వెలుతురుకేసి పట్టుకుని, "ఇలాంటిది దొరకడం కష్టం, ఇస్తారా మదాం?" అన్నాడు. "ఆ ఆరూ పట్టుకుపోండి, ఇది మాత్రం ఇవ్వను" అన్నాను. ఎందుకని అడిగాడు. సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పాలంటే ముందు మా తాత సంగతి నాకు తేలాలి, అది ఇన్నేళ్లకూ తేలలేదు.

తాతంటే మా అమ్మకు నాన్న. అమ్మా నేనూ, మా పిన్నీ అందరం ఆయన పంచనే ఉండేవాళ్లం. వారమంతా చెరకు నరికి, ఆదివారం రాములవారి గుడిలో భజన పాడించేవాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు ముక్క రాదు. మొదటి పెద్ద యుద్ధంలో మా ఊరి నుంచి ఏడుగురు కూలీల పటాలంలో చేరి, ఓడెక్కి బాస్రా వెళ్లారు. అందులో ఒకడు బాబాయి, పిన్ని మొగుడు. పిన్నికీ నాకూ నాలుగేళ్లే తేడా, ఇద్దరికీ ఒకటే దువ్వెన. కొన్నాళ్లకు ఒకరింటికి దళసరి కాగితం మీద ఉత్తరం వచ్చింది. ఎస్టేటు గుమాస్తా చదివి, మీవాడు బాగా పనిచేస్తున్నాడని జనరల్ దొర మెచ్చుకున్నాడు, ఇదిగో ఆయన సంతకం అన్నాడు. అంతే, తాత మనసు ఆ సంతకం మీద పడింది. ఇంట్లో ఉంచితే చెదలు తినేస్తాయని వాళ్లను భయపెట్టి ఆ ఉత్తరం పుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరికొచ్చినా అలాగే పుచ్చుకున్నాడు. శుభలేఖకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి, మా ఇంట్లో రాముడి పటం ముందు పెట్టెలో దాచి, భజనయ్యాక వచ్చినవాళ్లకల్లా తీసి చూపించేవాడు. రెండోదాని నుంచీ చదివించడం కూడా మానేశాడు. "ఒకే దొర, ఒకే సంతకం, మాట వేరే ఎందుకుంటుంది?" అనేవాడు. నిజమే కదా అని మేమూ ఊరుకున్నాం.

పిన్నికి ఉత్తరం అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి పాపం దాని కళ్లు కాయలు కాశాయి. తాత పసుపు పెట్టి, ఉత్తరాన్ని పిన్ని కొంగులో పెట్టాడు. అమ్మ పిన్నికి బొట్టు పెట్టి, పరమాన్నం వండింది. అయితే ఆ ఆదివారం తాత ఆరు ఉత్తరాలే చూపించాడు. పిన్ని దగ్గర తీసుకున్న ఏడోది పెట్టె అడుగునే ఉంది. అదేమిటని అడిగితే, "మన గొప్ప మనం చెప్పుకోకూడదే" అన్నాడు. దారినపోయేవాణ్ణి ఆపి తన మిరపచెట్టు గొప్ప చెప్పే మనిషి! వింతగానే తోచింది. కానీ పదహారేళ్లదాన్ని, పరమాన్నం మీద ఉన్న ధ్యాస మరి దేనిమీదా లేదు.

ఐదు నెలలకు ఓడ వచ్చింది. పిన్ని కొత్త చీర కట్టి పూలు పెట్టుకుంది. రైలెక్కి రేవుకు వెళ్లాం. ఆరుగురే దిగారు. పిన్ని మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. ఆ ఆరుగురిలో మా పక్కింటి అన్న దగ్గరికొచ్చి, "లెట్ పా ఫిన్ వినీ?" అన్నాడు, ఉత్తరం రాలేదా అని. వచ్చిందని పిన్ని నవ్వుతూ చెప్పింది. ఆయన తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే గుమాస్తాను పిలిచి పెట్టెలో ఉన్నవన్నీ చదివించాం. ఆరూ మెప్పులే. ఏడోదాంట్లో బాబాయి జ్వరంతో పోయాడని, అందుకు జనరల్ దొర విచారిస్తున్నాడని ఉంది. పోయిన తేదీ కూడా ఉంది. చావుకబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని చదివినచోటే చింపెయ్యాలి, గడప లోపల ఉంచకూడదు. అదేమో ఐదు నెలలుగా పసుపుతో రాముడి ముందుంది. తాత చింపబోయాడు. పిన్ని లాక్కుంది.

"చింపకు నాన్నా. వచ్చిన రోజే చదివించుంటే ఆ రోజే నా బొట్టు తీసేద్దురు. ఈ ఐదు నెలలూ ఆయన వస్తాడనే బతికాను."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు అనుమానమూ వచ్చింది. ఆ ఆరు ఉత్తరాలూ పేజీ నిండా ఉన్నాయి, ఇది నాలుగే నాలుగు వరుసలు. ఆ తేడా చదువు రానివాడికైనా కనబడుతుంది. కనబడితే కూతురికి దగ్గరుండి బొట్టు ఎలా పెట్టించాడు? కనబడకపోతే అడుగున ఎందుకు దాచాడు? పోయేదాకా ఆయన చెప్పలేదు, పిన్ని అడగలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు అడగబోయానో, ఆయన మొహం చూసి అన్నిసార్లూ మానుకున్నాను. ఒక రోజు ఆయన మీద కోపం వస్తుంది, ఇంకో రోజు కాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆబ్దికం ఏ తిథికి పెట్టాలని పంతులుగారు అడిగితే, కాగితంలో ఉన్న రోజు వద్దని, మేము చదివిన రోజుకే పెట్టాలని పిన్ని పట్టుబట్టింది. పిన్నీ పోయింది, ఇప్పుడు నేను చేయిస్తున్నాను, ఆ తిథికే. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. ఏమో, మా ఇంట్లో మాత్రం ఒక మనిషి చచ్చిపోయాక ఐదు నెలలు బతికాడు.