నేను చేయని నక్షత్రం

నా చిన్నప్పుడు, ఉదయగిరిలో, డిసెంబరు వచ్చిందంటే నా కాళ్లు మా ఇంట్లో నిలిచేవి కావు. ఎప్పుడూ పక్కింటి అక్క వసారాలోనే ఉండేదాన్ని. మాది చర్చికి వెళ్లే ఇల్లు, వాళ్లది గొర్రెలు మేపుకునే ఇల్లు. పండగ మాదే అయినా క్రిస్మస్ కార్డులు చేయడం వచ్చింది మాత్రం ఆ అక్కకే. పదో తరగతి పాసయింది. పై చదువుకు ఆత్మకూరు పంపడం వాళ్లకు కుదరలేదు. పగలంతా వాళ్ల నాయనతో గొర్రెల వెంట తిరిగి, సాయంత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని అట్టల ముందు కూర్చునేది. ఏదన్నా చిన్న ఉద్యోగం దొరికితే గొర్రెలు తప్పుతాయని మా అమ్మతో అంటుండేది.

ఆమె పనిముట్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఒక ఇనప స్కేలు, చీల్చిన పుల్లలో ఇరికించి దారం చుట్టిన సగం బ్లేడు, ఇంకు అయిపోయిన రీఫిల్, బరువు పెట్టడానికి గుడ్డ చుట్టిన ఇటుక. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపితే అదే జిగురు. వాటన్నిటిలో ఆమెకు ప్రాణం ఆ రీఫిల్. అట్ట మడిచే ముందు స్కేలు ఆనించి, రీఫిల్ మొనతో గట్టిగా గీత నొక్కేది. "గీయకుండా మడిస్తే పగల్తాది మే" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నా కన్నెప్పుడూ పైన చల్లే మెరుపుల మీదే ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది సండే స్కూల్లో కార్డుల పోటీ పెట్టారు. నేను చేసింది మడత దగ్గర పగిలి, జిగురు కారి, నాకే చూడబుద్ధి కాలేదు. అక్క దగ్గరికి పోయి, జలదంకిలో ఉన్న మా పిన్ని కూతురికి పంపాలి, ఒకటి చేసివ్వమన్నాను. పాపం, గొర్రెల వెంట తిరిగొచ్చిన అలసటలోనే రెండు సాయంత్రాలు కూర్చుని చేసింది. కార్డు తెరవగానే లోపలినుంచి నక్షత్రం లేచి నిలబడేది. దాని వెనక నా పేరు రాసి పోటీలో పెట్టాను. అక్క చర్చికి రాదు కదా, ఎవరు చెబుతారులే అనుకున్నాను.

ఆదివారం అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, ఆ కార్డును నాలుగైదుసార్లు తెరిచి మూసి, ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాను. నాకు పెన్సిలు డబ్బా బహుమతి ఇచ్చి తల నిమిరారు. తర్వాత పక్కనున్న టీచరుతో ఆమె అన్న మాట నా చెవిన పడింది. "ఎవురన్నా పెద్దపిల్ల చేసిందేమో అనుకున్నా. మన హాస్టల్లో ఆడబిడ్డలకి చేతిపనులు నేర్పేదానికి మనిషి కోసం ఎతుకుతా ఉండాం కదా."

నాకు అంతా అర్థమైంది. చిన్నపిల్లను, తెలియలేదు అని చెప్పుకోవడానికి లేదు. నోరు తెరిస్తే డబ్బా పోతుంది, పరువు పోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ సాయంత్రం మా అమ్మ మురిసిపోతూ ఆ డబ్బాను గోడ మీదుగా అక్కకు చూపించింది. మా పాప అట్టతో నక్షత్రం చేసి గెలిచిందని చెప్పింది. అక్క నా వైపు చూసింది. భూమి చీలితే బాగుండునని నాకు నిజంగా అనిపించింది. అక్క మాత్రం, "అవును పిన్నీ, నా దగ్గరే కూర్చోని చేసింది" అంది.

మర్నాడు నన్ను పిలిచి పనిముట్లన్నీ నా ముందు పెట్టింది. "నీ కోసం మీ అమ్మతో అబద్ధం ఆడినాను. ఇప్పుడు దాన్ని నిజం చెయ్యి" అంది. రోజూ సాయంత్రం కూర్చోబెట్టింది. నా వేళ్లు తెగాయి, డజను అట్టలు పాడయ్యాయి. గీయడం, కోయడం, అతకడం, ఇటుక కింద పెట్టి ఓపిగ్గా ఉండడం నేర్పింది. పండగ ముందురోజుకు నా చేతిలో నక్షత్రం నిటారుగా నిలబడింది. అక్క తనే గెలిచినట్టు చప్పట్లు కొట్టింది. ఆ సంతోషం చూసి తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ హాస్టలు సంగతి చెప్పేశాను.

అక్క మొహంలో నవ్వు ఆరిపోయింది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని అమ్మగారి దగ్గరికి వెళ్లింది. నేనే చెప్పాను, మొత్తం. అమ్మగారు నన్ను కోప్పడలేదు. అక్క చేతులు పట్టుకుని, కలిగిరి నుంచి ఒకామెను ఆ వారమే పెట్టుకున్నామని, ఇక ఖాళీ లేదని బాధపడుతూ చెప్పారు. దారంతా అక్క ముందు నడిచింది, నేను వెనక. ఇంటి దగ్గర ఆగి, "పోమే, మీ అమ్మ ఎతుకుతా ఉంటాది" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

రెండేళ్లకు అనంతసాగరం పక్క పల్లెలో ఆమెకు పెళ్లయింది. అక్కడా గొర్రెలే.

నేను ఆత్మకూరులో ఒక బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పుతూ ఇన్నేళ్లు బతికాను. ఆమె కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చున్నానని నాకు తెలుసు. జీతం అందుకున్న ప్రతిసారీ సిగ్గేసింది, ఇప్పటికీ ఆ సిగ్గు తగ్గలేదు. ఎవరైనా నా పని చూసి బాగుందంటే, వాళ్ల మాట పూర్తికాకముందే మా పక్కింటి అక్క నేర్పిందని చెప్పేస్తాను. అడగని వాళ్లకు కూడా చెబుతాను. చెప్పాల్సిన ఆ ఒక్క ఆదివారం మాత్రం చెప్పలేదు.