పసుపుకొమ్ము వాత

మొదటి సూదికి మీ బిడ్డ ఒళ్లు కాలితే రెండో సూదికి తీసుకెళ్లారా, భయపడి మానేశారా?

మొన్న ప్రొద్దుటూరులో పక్కింటి నుంచి పసుపుకొమ్ము కాలుతున్న వాసన వచ్చింది. ఈ వయసులోనూ ఉలిక్కిపడి లేచాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, వీధులన్నీ పత్తి నూగుతో తెల్లబడి, పెరట్లో చెనిక్కాయలు ఆరుతూ, అవ్వ ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్న ఉగాది ముందు రోజుల్లో, జమ్మలమడుగు నుంచి మేనత్త కొడుకు ఓబులేసు వచ్చాడు. వాడూ నా చెల్లెలు రాజీ ఒకే చాపమీద పడుకుని, ఒకే గిన్నెలో పాకం నాకి, కొద్దిరోజుల తేడాలో దగ్గు తెచ్చుకున్నారు. కోరింత దగ్గు. వాడు పండగ నాటికే గోలీలాటకు పరుగెత్తాడు. రాజీ మాత్రం దగ్గి దగ్గి నీలంగా మారి, చివర కూత పెడుతూ గాలి లాగేది. ఆ కూత ఆలస్యమైతే ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం.

ఆ దగ్గు రాకుండా వేసే టీకా సూదుల్లో రాజీకి పడింది ఒక్కటే. జ్వరమొచ్చిందని మిగతావి అవ్వ మాన్పించింది. ఇప్పుడు పసుపుకొమ్ము కాల్చి గొంతు కింద ఒక వాత పెట్టి, రెండోదానికి చెయ్యెత్తింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఓబులేసుకు యా వాతా పెట్టకనే తగ్గింది గదత్తా?"

"వాడు నా కూతురు కడుపున పుట్టిన గట్టి పిండం. నీ బిడ్డ గాలికే పడిపోతాది."

"ఆ గట్టితనం మీ కూతురు మూడు సూదులేపిచ్చి తెచ్చింది. పోయి అడుగు!"

అమ్మ రాజీని చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

ఆ గట్టితనం పుట్టుకలో లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. గాలిగొట్టంలో కఫాన్ని బయటికి ఊడ్చే సన్నని నూగు ఉంటుంది. ఆ దగ్గు క్రిమి విషం దాన్ని పాడుచేస్తుంది. సూదులన్నీ పడిన ఒంటికి ఆ శత్రువు ముందే తెలుసు. రక్తం విషాన్ని అడ్డుకుంటుంది, తెల్లకణాలు క్రిములను మింగుతాయి, ఊపిరితిత్తులు త్వరగా శుభ్రపడతాయి. ఇందులో దేవుడి దయ ఎక్కడ? వాత పని ఎక్కడ?

రాజీ బతికింది. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మొన్న నా దగ్గరికి వచ్చిన తనే ఆ పక్కింటికి వెళ్లి, మొదటి సూది జ్వరానికి బెదిరి రెండోది ఎగ్గొట్టి వాతకు కొమ్ము కాల్చిన ఆ ఇంటి కోడలికి గొంతు కింది మచ్చ చూపించింది.

"జరం రేపు పోతాదమ్మా. ఇది పోదు, సూడు."

పత్తి నూగు పోయింది, అవ్వ పోయింది, ఆ కూత కూడా దాదాపు పోయింది. భయం ఒక్కటే మిగిలింది. ఆ కొమ్ము పొయ్యిలో పారేయండి. బిడ్డను ఎత్తుకుని మిగిలిన సూదులకు ఇప్పుడే బయల్దేరండి.