సెల్సు ఎండబెట్టిన మధ్యాహ్నం

మా మేనకోడలు సాఫ్టువేరు ఉద్యోగం చేస్తుంది. ఆఫీసు పని చాలదన్నట్టు సెలవుల్లో కూడా సొంతంగా ఏవేవో తయారుచేసుకుంటూ కూర్చుంటుంది. మొన్న తిరువూరు వచ్చినప్పుడు తను చేసిన చిన్న పెట్టె ఒకటి మా వంటింటి గూట్లో పెట్టి, పేరు పెట్టి పిలవమంది. పిలిచాను. నా నోట్లో మాట పూర్తయిందో లేదో, "ఆఁ, చెప్పండి" అందది. పిల్ల మురిసిపోయింది గాని నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క పిలుపుకే పలకడమేమిటి అనుకున్నాను. నా ఈడు వాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో మనిషి కనబడకుండా గొంతు వినబడితే వెంటనే పలకకూడదనేవారు. దయ్యమైతే ఒక్కసారే పిలుస్తుందని, మూడోసారి కూడా పిలిస్తేనే మనిషని లెక్క. మాది ఆదివారం చర్చి తప్పని ఇల్లు, పైగా నాన్న సంఘపెద్ద, ఇలాంటివన్నీ వట్టి భ్రమలని అన్నం దగ్గర కూడా వాదించేవారు. అమ్మ అన్నిటికీ తల ఊపేది, మూడో పిలుపుదాకా మాత్రం పెదవి విప్పేది కాదు.

డెబ్బైలలో నేను కొత్తగా ఎ.కొండూరు బడిలో సైన్సు టీచరుగా చేరాను. బడి నుంచి బస్సు దిగి ఇంటికొస్తే చాలు, చచ్చిపోయిన రేడియోలు ముందేసుకుని కూర్చునేదాన్ని. కరెంటును నమ్ముకునే రోజులు కావు గనుక టంకం పెట్టే కడ్డీని కుంపట్లో కాల్చుకునేదాన్ని. అట్లకాడ పట్టాల్సిన చేత్తో ఆ కడ్డీ ఏంటమ్మా అని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవారు, మళ్ళీ వాళ్ళ రేడియోలు మూగబోతే నా దగ్గరికే తెచ్చేవారు.

అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, అప్పటికి మా దగ్గరే ఉండేవారు. ఉబ్బసం మనిషి, పొయ్యి పొగ పడక పెరటి చివర పాకలో మంచం వేయించుకున్నారు. అక్కడి నుంచి పిలిస్తే ఆ బలహీనమైన గొంతు వంటింటిదాకా వచ్చేది కాదు. అందుకని పాత రేడియోల సామానుతో సెల్సు మీద నడిచే పెట్టె ఒకటి కట్టి వంటింట్లో పెట్టి, పాకలో ఆయన తలవైపు మైకు బదులు ఒక స్పీకరు వేలాడదీసి, బట్టలారేసే గుంజల మీదుగా రెంటికీ తీగ లాగాను. అక్కడ ఆయన మెల్లగా మాట్లాడినా ఇక్కడ ఖంగుమని వినబడేది. నేను అనుకోనిది ఒకటి, మాట్లాడనప్పుడు కూడా ఊపిరి వినబడేది. పగలంతా అమ్మ ఆ గురగుర మధ్యే కూరలు తరిగేది. "మెడ మీద ఊదినట్టుందే" అని పైటకొంగు భుజాల చుట్టూ కప్పుకునేది, మండే వేసవిలో కూడా.

తాతయ్య అమ్మను అమ్మడూ అని పిలిచేవారు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. కూతురి పట్టింపు తెలుసు కాబట్టి మొదట్లో నవ్వుతూనే మూడుసార్లు పిలిచేవారు. ఆ ఎండాకాలానికి రెండో పిలుపుకే ఆయాసం వచ్చేసేది, మూడోది సగంలో తెగిపోయేది. ఏదో ఒకరోజు ఆయన దగ్గర ఒక్క పిలుపుకు సరిపడా ఊపిరే ఉంటుందని నాకు భయం పట్టుకుంది. అమ్మను బతిమాలాను, విసుక్కున్నాను. "పెట్టెలోంచి వచ్చేది మా నాన్నేనని ఏంటే నమ్మకం?" అంది.

రెడ్డిగూడెం మామిడి బండ్లు మా వీధిన పోతున్న రోజుల్లో ఒక శనివారం ఒంటిపూట బడి ముగించుకుని వచ్చాను. పెట్టె నీరసంగా పలుకుతోంది. నీరసపడ్డ సెల్సును ఎండలో పెడితే కాస్త ప్రాణం పోసుకుంటాయని మనమంతా చేసిన పనే కదా, అన్నిటినీ ఊడదీసి పెరటి గోడ మీద వరసగా పెట్టి, వంటింటి గడపలో కుంపటి ముందు కూర్చున్నాను. అమ్మ రోట్లో పచ్చడి నూరుతోంది. చాలాసేపటి తర్వాత గాని ఆ మార్పు నాకు తెలియలేదు, ఊపిరి చప్పుడు లేని వంటిల్లు ఎంత ఖాళీగా ఉంటుందో.

అప్పుడు పెట్టె "అమ్మడూ" అంది.

ఒక్కసారే. ఆయాసం లేదు, గురగుర లేదు, వయసులో ఉన్న మనిషి వీధిలోంచి కేకేసినట్టుంది. అమ్మ చేతిలో పొత్రం ఆగింది. నా వైపు చూసింది, నేను విన్నానని నా మొహంలోనే తెలిసింది. రెండో పిలుపు కోసం ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "ఆఁ నాన్నా, వస్తున్నా" అంటూ పచ్చడి చేత్తోనే పెరట్లోకి పరుగెత్తింది.

తాతయ్య మంచం మీంచి బోర్లా పడి ఉన్నారు, పెదాలు నల్లబడ్డాయి. ఇద్దరం లేపి కూర్చోబెట్టి వీపు రాస్తుంటే, నాన్న పరుగున వెళ్ళి డాక్టరు గారిని తీసుకొచ్చారు. సూది మందు పడ్డాక ఊపిరి తిరిగింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కారన్నారు డాక్టరు. పొద్దువాలాక మాట వచ్చింది. మంచిపని చేశావు తాతయ్యా, ఒక్కసారైనా పిలిచావు అన్నాను. ఆయన వింతగా చూశారు. "నేనెక్కడ పిలిచానే? గొంతు పెగిల్తేగా. లోపల అనుకున్నానంతే."

పెరట్లోకి వెళ్ళి చూశాను. సెల్సన్నీ గోడ మీదే ఉన్నాయి, ఇంకా వేడిగా. కండెన్సరులో కాస్త కరెంటు మిగిలి ఉంటుందిలే అని నాన్న సర్దిచెప్పబోయారు. అది క్షణాల్లో ఆరిపోయే సంగతి నాకు తెలుసు. అమ్మ మాత్రం ఆ పెట్టెలో మళ్ళీ సెల్సు వెయ్యనివ్వలేదు. దానికి అవసరం లేదంది.

తాతయ్య ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లు చూసి, నిద్రలోనే పోయారు. పెట్టె వంటింట్లోనే ఉండిపోయింది. అమ్మ కూర కలుపుతూ కలుపుతూ ఉన్నట్టుండి "ఆఁ" అనేది. నాకు ఏమీ వినబడేది కాదు, అడగడానికి ధైర్యమూ చాలేది కాదు.

ఇప్పుడు బజారు నిండా, ఇంటి నిండా మనిషి కనబడని గొంతులే, ఎవరికీ జంకు లేదు. నన్ను కూడా పొద్దుటి నుంచి ఎన్నో గొంతులు పిలుస్తాయి, మేడమ్ అని, అత్తా అని, పెద్దమ్మా అని. నా చిన్నప్పటి పేరుతో పిలిచే నోరు మాత్రం అమ్మతోనే పోయింది. ఆ పేరు ఒకటుండేదని తెలిసినవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. మధ్యాహ్నాలు ఒంటరిగా ఉన్నప్పుడు పని ఆపి చెవి ఒగ్గుతుంటాను. ఒక్కసారి పిలిస్తే చాలు, అది మనిషో కాదో నేను చూడను.