ఓడ మీద పులిహోర

2003 కార్తీకమాసం. పలాస నుంచి నలభై రెండు మందితో బయల్దేరిన మా టూర్ పార్టీ విశాఖపట్నంలో అండమాన్ ఓడ ఎక్కింది. ఆ పార్టీకి నేను వంటల ఇన్‌ఛార్జిని. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మా ఆయనా నేనూ చిన్న మెస్ నడుపుతూ, ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇలా జనాన్ని యాత్రలకు తీసుకెళ్లేవాళ్లం. టికెట్లు, గదులు, సామాను ఆయన చూసుకునేవారు. తిండి నాది. ఆయన పనిలో తేడా వస్తే జనం ఒక పూట తిట్టి ఊరుకుంటారు. నా పనిలో తేడా వస్తే ఊరికి తిరిగొచ్చాక కూడా తిడతారు.

టూర్ వంట అంటే పెద్ద గిన్నెలో వండి పడేయడమే కదా అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లను ఒక్కసారి ఓడ ఎక్కించాలి. అక్కడ మన స్టవ్ వెలిగించనివ్వరు. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, వండిందే కూపన్ ఇచ్చి తినాలి. పొద్దున్న పూరీయో ఉప్మాయో, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ. కార్తీకమాసం కాబట్టి మా పార్టీలో సగం మంది ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు. అలాంటి వాళ్ల కోసం నేను ఇంటి దగ్గరే పులిహోర పులుసు ఉడికించి, కందిపొడి కొట్టి డబ్బాల్లో పట్టుకెళ్లేదాన్ని. గ్యాలీ నుంచి వేడి అన్నం తెచ్చుకుని పులుసు కలిపితే చాలు, పది నిమిషాల్లో పులిహోర. నా పులిహోరకి పలాసలో పేరుంది. దాంతోపాటు నాకు పొగరూ ఉంది, దాచుకోవడం దేనికి.

బయల్దేరడానికి పదిహేను రోజుల ముందు పార్వతమ్మ గారు టెక్కలి నుంచి ఒక్కరే బస్సెక్కి మా మెస్‌కి వచ్చారు. యాభై దాటిన మనిషి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఆవిడ భర్త హైస్కూలు మాస్టారు. ఆ ఏడే రిటైరవుతున్నారు. ఉద్యోగులకు యాత్రా ఖర్చులిచ్చే ఎల్‌టీసీ ఆయనకు అదే ఆఖరుసారి. అయినా మాస్టారు తన ఒక్కడి పేరే రాయించి వెళ్లారు.

"నా పేరెందుకు రాయనేదు?" అని ఆవిడ కూర్చోకుండానే అడిగారు.

"మేస్టారే ఒద్దన్నారప్పా. మీకు ఒంట్లో బాగోదంట కదా" అన్నాను. మా వైపు అక్కని అప్పా అంటాం.

"బాగోకేటి? నాకు గోదుమ పడదు, అంతే. అది తినకపోతే నీకన్నా బాగుంతాను."

అప్పుడు కూర్చుని చెప్పారు. ఎనిమిదేళ్లు విరేచనాలు. టీబీ అన్నారు, దిష్టి అన్నారు, తాయెత్తులు కట్టారు. చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరు పేగు లోపలి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, సీలియాక్ అని తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుందట. ఈ జబ్బు ఉన్నవాళ్లకు అది కొంచెం లోపలికి వెళ్లినా పేగు పాడవుతుంది. మందు లేదు. గోధుమ, మైదా, రవ్వ, సేమియా జన్మలో ముట్టకపోవడమే వైద్యం.

"ఏడాదయింది నాను మల్లీ మనిసినయి. అయినా పెల్లిళ్లకి తీసికెల్లరు, ఊళ్లకి తీసికెల్లరు. సముద్రం పక్కన పుట్టినాను, ఒక్కపాలైనా దాని మీదకి ఎల్నేదు. సెల్లీ, నువ్వు తీసికెల్తావా, నేదా? ఒక్క మాట సెప్పు."

నాకు మాస్టారి మీద ఒళ్లు మండిపోయింది. మెస్‌లో తినేవాళ్లందరి ముందూ గట్టిగా అన్నాను. "మీరు రండప్పా. మీ తిండి పూచీ నాది. ఎవుడొద్దంతాడో సూస్తాను."

మర్నాడు మాస్టారు వచ్చారు. "నడి సముద్రంలో ఏదైనా అయితే ఎవలు జవాబు సెప్తారమ్మా?" అన్నారు.

"నాను సెప్తాను మేస్టారూ" అన్నాను.

ఓడ ఎక్కగానే నేను చేసిన మొదటి పని గ్యాలీ తలుపు కొట్టడం. చీఫ్ కుక్ ధర్మారావు. అదృష్టం కొద్దీ మన జిల్లా కవిటి మనిషే, ఇరవై ఏళ్లుగా ఓడల్లో వండుతున్నాడు. పార్వతమ్మ గారి సంగతంతా చెప్పాను. పూరీలు కాల్చిన నూనెలో ఆవిడకు ఏదీ వేయించకూడదు. చపాతీ పిండి పడిన బల్ల మీద ఆవిడ కూర తరగకూడదు. పప్పు తాలింపు లేకుండా విడిగా తీయాలి.

"నాలుగొందల మందికి వండతన్నానమ్మా. ఒక్కరికోసం వేరే మూకుడెక్కడ తేను?" అన్నాడు.

కొత్త మూకుడు, కొత్త గరిటె సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టాను. అతను వాటిని విడిగా పై అరలో పెట్టాడు.

మొదటి రోజు బ్రహ్మాండంగా గడిచింది. కుర్రకారంతా ఓడ ఊపుకి వాంతులు చేసుకుని బంకు పడకల మీద పడుకుంటే, పార్వతమ్మ గారు డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడి అటుకులు తింటూ ఎగిరే చేపల్ని లెక్కపెట్టారు. మాస్టారు కూడా పడుకునే ఉన్నారు. నాకు ఎంత సంబరమో చెప్పలేను.

రెండో రోజు మధ్యాహ్నం పులిహోర కలిపాను. నేనే వడ్డిస్తున్నాను. పళ్లెంలో పెట్టగానే పార్వతమ్మ గారు నెమ్మదిగా అడిగారు.

"ఇందులో ఏటేటి ఏసినావు సెల్లీ?"

"ఓలమ్మా! నా సేతి వంట మీద కూడా అనుమానమేటప్పా?" అన్నాను, అందరికీ వినబడేలా. అందరూ నవ్వారు.

మా వైపు అంతే. వడ్డించే మనిషిని ఇందులో ఏం వేశావని అడిగితే, విషం పెట్టావా అని అడిగినంత తప్పు. ఆవిడకూ తెలుసు ఆ సంగతి. "అబ్బే, ఊరికే అడిగినాను" అని తల దించుకుని తినేశారు. నా మనసు కష్టపడిందేమోనని మారు కూడా వేయించుకున్నారు. కందిపొడీ అడిగి వేయించుకున్నారు. నేను పొంగిపోయాను.

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆవిడ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. వాంతులు, విరేచనాలు. ఓడ డాక్టరు సెలైన్ పెట్టాడు. ఇంకా ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం ఉంది, ఇలాగే కొనసాగితే తన దగ్గరున్న బాటిళ్లు చాలవు అన్నాడు. మాస్టారు తలుపు దగ్గర నిలబడి నా వైపు చూడకుండా, "సెప్పినానా ఒద్దని" అన్నారు. నాకు భయం పట్టుకుంది.

భయం కోపంగా మారడానికి ఎంతసేపు? నేరుగా గ్యాలీకి వెళ్లి ధర్మారావు మీద విరుచుకుపడ్డాను. నా మూకుడులో పూరీలు వేశావా, పిండి చేత్తో అన్నం వార్చావా, ఒక మనిషి ప్రాణమంటే నీకు లెక్క లేదా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"అయిందా అమ్మా? ఇదిగో మీ మూకుడు, ఇదిగో ఆవిడ గిన్ని. ఇయి ఎవుల్నీ ముట్టనివ్వనేదు. ఆవిడ మద్దేనం ఏటేటి తిన్నారో సెప్పండి."

"నీ అన్నం. నీ సప్పిడి పప్పు. నా పులిహోర, నా కందిపొడి."

"మీ పులిహోరలో ఏటేసినారు?"

"నా పులిహోర గురించి అడగడానికి నువ్వెవుడివిరా?" అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న నన్ను అడిగిన రెండో మనిషి అతను.

ఒక్కొక్కటే చెప్పాను. చింతపండు, పచ్చిమిర్చి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, కరివేపాకు, పసుపు, ఉప్పు, నూనె. ఇంగువ. ఉల్లీ వెల్లుల్లీ లేని వంటకి ఇంగువే కదా వాసన. నేను ధారాళంగా వేస్తాను. కందిపొడిలోనూ అంతే.

"డబ్బా తెండి" అన్నాడు.

తెచ్చాను. కిటికీ వెలుతురులో పట్టుకుని చదివాను. నేను పదో తరగతి పాసయ్యాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. తుమ్మజిగురు, ఇంగువ, వాటితోపాటు వీట్ ఫ్లోర్. గోధుమపిండి. ముద్ద ఇంగువని పొడి చేయడానికి పిండి కలుపుతారని అప్పుడు ధర్మారావు చెప్పాడు. పదిహేనేళ్లుగా ఆ డబ్బా కొంటున్నాను, ఒక్కసారీ వెనక్కి తిప్పి చూడలేదు. పార్వతమ్మ గారింట్లో ఏడాది పొడుగునా వెల్లుల్లి తాలింపే. మా వైపు రైతిళ్లలో ఇంగువ వాడకమే తక్కువ. అందుకే ఇంటి దగ్గర ఆవిడకు ఏమీ కాలేదు. ఓడలో నా చేతి మీదుగా అయింది.

బియ్యం బస్తా మీద కూలబడి ఏడ్చాను. ధర్మారావుకి దణ్ణం పెట్టి క్షమించమన్నాను. అతను టీ ఇచ్చి, "ముందు ఆవిడకి గంజి కాద్దాం లెండి" అన్నాడు.

ఆ సాయంత్రం డైనింగ్ హాల్లో నిలబడి, తప్పు గ్యాలీది కాదు, నాది అని మా పార్టీకంతటికీ చెప్పాను. "ఇంగువలో పిండుంతాదని ఎవులికి తెలుస్తాది, ఊరుకో" అని ఎవరో అన్నారు. నేను ఊరుకోలేదు. డబ్బా మీద రాసే ఉంది. రాయకపోయినా, ఆవిడ అడిగారు. అడిగిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసి నోరు మూయించాను.

మర్నాటికి వాంతులు తగ్గాయి. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చున్నారు. మాస్టారు నిర్ణయం చెప్పేశారు. "పోర్ట్ బ్లెయిర్‌లో దిగ్గానే విమానం టికెట్లు తీసీస్తాను. ఇంటికెల్లిపోదాం."

"మీరు ఎల్లండి. నాను ఓడ మీదే వత్తాను" అన్నారు పార్వతమ్మ గారు.

"ఇంత జరిగినాకా?"

"జరిగింది నాకు. తిన్నది నాను, కక్కింది నాను. మద్దిలో మీకెందుకు బయం? గోదుమ పడకపోతే గోదుమ మానేత్తాను గానీ, బతకడం మానేత్తానేటి?" అని నా వైపు తిరిగారు. "సెల్లీ, నువ్వు ఏడవకు. మల్లీ వండు. ఈపాలి నాను అడుగుతాను. నువ్వు నొచ్చుకున్నా అడుగుతాను."

ఆ యాత్ర తర్వాత నేను ఏ పార్టీతో వెళ్లినా మొదటి పూట అందరి ముందూ చెప్పేదాన్ని: ఏం వేశానో అడగండి, అడిగితే నాకు గౌరవమే గానీ చిన్నతనం కాదు అని. వంట బాగా రావడం వేరు, తినేవాడి కడుపుకి జవాబు చెప్పడం వేరు. మొదటిది మా అమ్మ నేర్పింది. రెండోది పోర్ట్ బ్లెయిర్ సత్రంలో పార్వతమ్మ గారు నేర్పారు.

అక్కడ మన పొయ్యి మీద, ఇంగువ లేకుండా మళ్లీ పులిహోర కలిపాను. పార్టీ అంతా పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. పార్వతమ్మ గారు లైన్‌లో ముందు నిలబడి ఒక్కొక్కటీ అడిగారు. చింతపండు ఎక్కడ కొన్నావు, శనగపప్పు ఏ సంచిలో తెచ్చావు, నూనె కొత్తదేనా. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. వెనక నుంచి మాస్టారు విసుక్కున్నారు.

"సల్లారిపోతన్నాది. ఇంకెంతసేపు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. పళ్లెం రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని, "ఉండండి. ఇంకా పసుపు గురించి అడగనేదు" అన్నారు.