ఊచలు చెరిపిన కుంచె

దేవదానం గారు మరణించారన్న వార్త చల్లపల్లి బస్టాండులో తెలిసింది. ఆ మరుక్షణమే, ఆయన మీద నాకున్న ఆగ్రహం ఆయనతోపాటు పోలేదని గ్రహించాను. గతించినవారిని ప్రస్తుతించడం సదాచారం. నాకది చేతకాదు.

బెజవాడ గవర్నరుపేటలో ఆయన ఫోటో స్టూడియోలోనే నేను ఫోటోల్లో లోపాలు సరిదిద్దే టచింగ్ పని నేర్చుకున్నాను. నెగెటివ్ మీద పెన్సిలు మొన ఆనీ ఆనకుండా నడిపే ఆ హస్తలాఘవం అనితరసాధ్యం. ఆ నోరు మాత్రం దుర్భరం. నా పని నచ్చకపోతే, ఫోటోల కోసం వచ్చిన పెళ్లివారి ఎదుటే ప్రింటు చింపి నా ముఖాన విసిరేవారు.

ఒకసారి జూకి వెళ్లి చిరుతపులిని ఫోటో తీసుకొచ్చారు. ఊచలకు రాసుకుని రాసుకుని దాని నుదుట పుండు పడింది.

"ఊచలు తీసెయ్. ఆ పుండూ తీసెయ్. వెనక గోడ బదులు చెట్లుండాలి" అన్నారు.

"పుండన్నా ఉంచుదామండీ. పాపం, అది పడ్డ బాధ..."

"చూసేవాడికి జంతువు కావాలయ్యా, దాని జైలు కాదు!"

నేను కదలకపోయేసరికి కుంచె లాక్కుని తానే కూర్చున్నారు. ప్రింటు మీద ఊచలన్నిటినీ రంగుతో కప్పి, దాన్ని మళ్లీ ఫోటో తీశారు. చిరుత మహారణ్యంలో స్వేచ్ఛగా నిలిచింది. అంత సుందరమైన అసత్యాన్ని నేను మళ్లీ చూడలేదు.

ఊళ్లో జరిగిన ఛాయాచిత్ర ప్రదర్శనలో దానికే ప్రథమ బహుమతి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒక పంతులమ్మగారు "ఏ అడవిలో తీశారండీ?" అని ఆయన్ని అడిగారు.

"నల్లమలలోనండీ. పొదలో పడుకుని తీశాను."

పక్కనే ఉన్న నేను ఆగలేకపోయాను. "జూలోనండీ. బోనులో ఉందది."

ఆయన ముఖం నల్లబడింది. ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశారు. అంతటితో ఊరుకున్నారా? నేను నెగెటివులు దొంగిలించానని స్టూడియోలన్నిటికీ చెప్పారు. బెజవాడలో నాకు పని పుట్టలేదు. చల్లపల్లి చేరి చిన్న స్టూడియో పెట్టుకున్నాను.

మొన్న వారబ్బాయి ఆయన నెగెటివ్ ఒకటి తెచ్చాడు. సంతాప సభకు పెద్ద ఫోటో కావాలట.

"కోపంగా పడ్డారండీ. కాస్త నవ్వు పెట్టించమంది అమ్మ. నాన్నగారి పనితనం తెలిసినవారు మీరేగదండీ."

నేను పెన్సిలు ముట్టలేదు. ఉన్నదున్నట్టు ప్రింటు వేసి, స్వయంగా తీసుకెళ్లి వాళ్లమ్మగారికి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"నవ్వు పెట్టలేదేం బాబూ?"

"నా ఎదుట ఆయన ఏనాడూ నవ్వలేదమ్మగారూ."

"నా ఎదుటా అంతేలే" అని, ఆ ఫోటో ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆ చేతికి నా నమస్సులు. అటువంటి చెయ్యి కృష్ణాతీరాన మళ్లీ పుట్టదు. ఆ మనిషిని మాత్రం క్షమించలేకపోతున్నాను. క్షమించమని అడగవలసిన ఆయనే లేకుండా పోయారు.